ఆకాశహర్మ్యాల ఆటలు: లిఫ్ట్ దగ్గర మొదలైన చరిత్ర

ఆకాశహర్మ్యాన్ని కట్టి నడిపించే కంప్యూటర్ ఆటల్లో భవనం నిలువునా కోసినట్టు కనిపిస్తుంది. ముందుగోడ ఉండదు. అంతస్తులన్నీ, వాటిలోని ఆఫీసులూ హోటల్ గదులూ దుకాణాలూ ఇళ్లూ ఒకేసారి కళ్ల ముందుంటాయి. ఆడేవారు చేతిలో ఉన్న డబ్బుతో ఒక్కో గది కట్టి అద్దెకిస్తారు. వచ్చిన అద్దెతో ఇంకో అంతస్తు లేపుతారు. జనం పైకీ కిందికీ తిరగడానికి మెట్లూ లిఫ్ట్‌లూ పెడతారు. శత్రువులుండరు, యుద్ధాలుండవు. 1994లో వచ్చిన ‘సిమ్‌టవర్’ ఈ కోవకు రూపమిచ్చింది. ఆ తరువాత మూడు దశాబ్దాల్లో వచ్చిన ఇలాంటి ఆటలు కొన్ని దాని బాటలోనే నడిచాయి, కొన్ని కావాలనే పక్కకు జరిగాయి. ఇవి మనిషిని ఎందుకంతగా పట్టేస్తాయో, ఎక్కడ విసుగు పుట్టిస్తాయో తెలియాలంటే ముందు లిఫ్ట్ సంగతి తెలియాలి. వాటి బలమూ బలహీనతా రెండూ అక్కడే ఉన్నాయి.

అసలు భవనాల్లో లిఫ్ట్ చిక్కు

నాలుగైదు అంతస్తులు దాటితే రోజూ మెట్లెక్కి దిగడానికి ఎవరూ ఇష్టపడరు. లిఫ్ట్ రాకముందు నగరాల్లో నివాసాలూ ఆఫీసులూ చాలావరకు ఆ ఎత్తు దగ్గరే ఆగిపోయాయి. 1854లో న్యూయార్క్ క్రిస్టల్ ప్యాలెస్ ప్రదర్శనలో, తాడు తెగినా లిఫ్ట్ పడిపోదని చూపించడానికి ఎలీషా ఓటిస్ ఎత్తున వేలాడుతున్న వేదిక మీద నిలబడి, దాన్ని మోస్తున్న తాడును అందరి ఎదుటా నరికించాడు. వేదిక కూలిపోకుండా పట్టేసుకుని ఆగింది. 1857లో అదే నగరంలోని హౌవౌట్ బిల్డింగ్‌లో మనుషులెక్కే లిఫ్ట్ పనిలోకి వచ్చింది. 1885లో షికాగోలో విలియం లె బారన్ జెన్నీ రూపొందించిన పది అంతస్తుల హోమ్ ఇన్సూరెన్స్ బిల్డింగ్‌ను తొలి ఆకాశహర్మ్యంగా చాలామంది చరిత్రకారులు లెక్కిస్తారు.

ఎత్తైన కట్టడాలకు దారి తీసిన లిఫ్టే వాటికి హద్దు కూడా పెట్టింది. పై అంతస్తులకు వెళ్లే ప్రతి లిఫ్ట్ షాఫ్ట్ కింది అంతస్తులన్నిటినీ చీల్చుకుంటూ పోవాలి. ఎత్తు పెరిగితే జనం పెరుగుతారు, జనం పెరిగితే లిఫ్ట్‌లు పెరగాలి, లిఫ్ట్‌లు పెరిగితే అద్దెకివ్వగల చోటు తగ్గుతుంది. ఒక ఎత్తు దాటాక కొత్త అంతస్తు తెచ్చే అద్దె కన్నా కింద పోయే చోటే ఖరీదవుతుంది. దీనికి విరుగుడుగా ఇంజినీర్లు భవనం మధ్యలో ఇంకో లాబీ పెట్టారు. 1969లో పూర్తయిన షికాగో జాన్ హ్యాంకాక్ సెంటర్‌లో అది 44వ అంతస్తులో ఉంది. న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ టవర్లలో 44, 78 అంతస్తుల్లో ఉండేవి. ఎక్స్‌ప్రెస్ రైలు దిగి ప్యాసింజర్ ఎక్కినట్టు, జనం పెద్ద లిఫ్ట్‌లో మధ్య లాబీ దాకా వెళ్లి, అక్కడ చిన్న లిఫ్ట్‌లోకి మారి తమ అంతస్తు చేరతారు. అప్పుడు ఒకే షాఫ్ట్ బారునా ఒకదాని పైన ఒకటిగా వేర్వేరు లిఫ్ట్‌లు నడపవచ్చు.

ఏ లిఫ్ట్ ఎప్పుడు ఎక్కడికి వెళ్లాలన్నది కంప్యూటర్ శాస్త్రానికి కూడా పాత లెక్కే. ప్రోగ్రామింగ్ మీద డొనాల్డ్ క్నూత్ రాసిన ప్రసిద్ధ గ్రంథమాల తొలి సంపుటం 1968లో వెలువడింది. కాల్టెక్ విశ్వవిద్యాలయంలో గణిత విభాగపు భవనంలోని లిఫ్ట్‌ను కంప్యూటర్‌లో అనుకరించడం ఎలాగో అందులో ఒక పాఠంగా ఉంది. కంప్యూటర్ డిస్క్ మీది సమాచారాన్ని ఏ వరసలో చదవాలో నిర్ణయించే ఒక పద్ధతికి లిఫ్ట్ పేరే స్థిరపడింది.

సిమ్‌టవర్ పుట్టిన జపాన్‌లో ఎత్తైన భవనాలు ఆలస్యంగా వచ్చాయి. 31 మీటర్ల ఎత్తు పరిమితి 1960ల దాకా సాగింది. చట్టం సడలాక 1968లో టోక్యోలో 36 అంతస్తుల కసుమిగసెకి బిల్డింగ్ పూర్తయింది. ఆ తరువాత వేగం పెరిగింది. కెంజో టాంగే రూపొందించిన 243 మీటర్ల టోక్యో నగర ప్రభుత్వ భవనం 1991లో తెరుచుకుంది. 1993లో యోకొహామాలో 296 మీటర్ల ల్యాండ్‌మార్క్ టవర్ వచ్చింది. దాని లిఫ్ట్ వేగం గంటకు 45 కిలోమీటర్లు. సిమ్‌టవర్ తయారైనది ఈ భవనాలు సరికొత్తగా ఉన్న కాలంలోనే.

సిమ్‌టవర్ పుట్టుక

1989లో విల్ రైట్ తయారు చేసిన ‘సిమ్‌సిటీ’ గెలుపూ ఓటమీ లేని ఒక ఆట తరహాను జనంలోకి తెచ్చింది. అందులో ఆడేవారు నగరాన్ని కడతారు, అందులోని జనం స్పందిస్తారు, ఆ స్పందనను బట్టి మళ్లీ కడతారు. దాన్ని ప్రచురించిన మాక్సిస్ సంస్థ ఆ వరసలోనే ‘సిమ్‌ఎర్త్’, ‘సిమ్‌యాంట్’ వంటి ఆటలు తెచ్చింది.

సిమ్‌సిటీ ప్రభావంతో పనిలోకి దిగిన జపాన్ రూపకర్త యుతాకా సైతో, ఆటల లోకంలో యూట్ సైతోగా పేరుపడ్డవాడు. ఆయన మొదట అనుకున్నది భవనాన్ని కాదు, లిఫ్ట్‌ల రాకపోకలను అనుకరించాలని. లిఫ్ట్‌లు ఏ సూత్రం మీద నడుస్తాయో చెప్పమని ఒక లిఫ్ట్ కంపెనీని అడిగితే వాళ్లు చెప్పలేదు. దాంతో ఆయన బృందం ఆ సూత్రాలను సొంతంగా వెతుక్కోవలసి వచ్చింది. లిఫ్ట్‌కు పని కావాలంటే ఎక్కేవాళ్లుండాలి, ఎక్కేవాళ్లకు వెళ్లవలసిన చోటుండాలి. అలా లిఫ్ట్ చుట్టూ ఆఫీసులూ, హోటలూ, ఇళ్లూ చేరి భవనమైంది. ఓపెన్‌బుక్ అనే చిన్న సంస్థ దీన్ని జపాన్‌లో ‘ది టవర్’ పేరుతో తెచ్చింది. మాక్సిస్ 1994 నవంబరులో విండోస్, మాకింటోష్ కంప్యూటర్లకు ‘సిమ్‌టవర్’గా విడుదల చేసింది. పేరు మారడం వల్ల ఇది సిమ్‌సిటీ బృందపు ఆటేనని చాలామంది అనుకున్నారు.

ఆట నడిచే తీరు

సిమ్‌టవర్‌లో ఆట 20 లక్షల డాలర్లతో, ఖాళీ స్థలంతో మొదలవుతుంది. నేల అంతస్తులో లాబీ వేసి దాని పైన గదులు పేర్చుకుంటూ పోవాలి. పైకి 100 అంతస్తుల దాకా కట్టవచ్చు, కింద సెల్లార్లు తవ్వవచ్చు. భవనానికి నక్షత్రాల హోదా ఉంటుంది. 300 జనాభా దాటితే రెండో నక్షత్రం. మూడోదానికి 1,000, నాలుగోదానికి 5,000, అయిదోదానికి 10,000 కావాలి. జనాభాతో పాటు సెక్యూరిటీ ఆఫీసు, వైద్యశాల, చెత్తను శుద్ధి చేసే కేంద్రం, భూగర్భ మెట్రో స్టేషన్ వంటివి సమకూర్చాలి. ఒక ప్రముఖ అతిథి హోటల్లో దిగి సంతృప్తిగా వెళ్లాలి. 15,000 జనాభా చేరి, 100వ అంతస్తు మీద చర్చి కడితే చిట్టచివరి హోదా దక్కుతుంది.

కాలం ఆటలో కుదించి ఉంటుంది. రెండు పనిరోజులూ ఒక సెలవురోజూ కలిసి మూడు నెలల లెక్క. అంటే పన్నెండు రోజులకు ఏడాది తిరుగుతుంది. ఆఫీసులు మూడు నెలలకోసారి అద్దె కడతాయి. హోటల్ గదులు ఏ రోజు డబ్బు ఆ రోజు తెస్తాయి. ఇళ్లను మాత్రం ఒక్కసారే అమ్ముకోవాలి. కొన్నవాళ్లు విసిగి ఖాళీ చేస్తే ఆ మొత్తం వెనక్కివ్వాలి.

లిఫ్ట్‌లు మూడు రకాలు. మామూలు లిఫ్ట్ 30 అంతస్తులకు మించి సాగదు. ఎక్స్‌ప్రెస్ లిఫ్ట్ భవనం మొత్తం ప్రయాణించినా, పైన లాబీల్లోనే ఆగుతుంది. ఆ లాబీలు 15 అంతస్తులకొకటి చొప్పున కట్టుకోవాలి. మూడోది పనివాళ్ల లిఫ్ట్. ఒక్కో షాఫ్ట్‌లో ఎనిమిది లిఫ్ట్‌లు పెట్టవచ్చు, భవనం మొత్తానికి 24 షాఫ్ట్‌లు దాటకూడదు. ఏ లిఫ్ట్ ఏ అంతస్తులో కాచుకోవాలో, పనిరోజున ఎలా నడవాలో, సెలవునాడు ఎలా నడవాలో నిర్ణయించవచ్చు. లిఫ్ట్ కోసం నిలబడ్డ మనుషులు చిన్న నల్లటి ఆకారాలుగా కనిపిస్తారు. ఆలస్యమైనకొద్దీ గులాబీ రంగులోకి, ఆపైన ఎరుపులోకి మారతారు. ఎర్రబడ్డ మనుషులున్న ఆఫీసు కొన్నాళ్లకు ఖాళీ అవుతుంది.

ఆకర్షణ ఎక్కడ

ఈ ఆట పట్టేయడానికి మొదటి కారణం, తప్పు కళ్లకు కనిపించడం. నగరాన్ని కట్టే ఆటల్లో జనం అసంతృప్తిని చాలావరకు అంకెల్లోనో పటాల్లోనో వెతకాలి. ఇక్కడ 22వ అంతస్తులో ఎర్రటి క్యూ కనిపిస్తే చాలు. కారణమూ అక్కడే కనిపిస్తుంది: లిఫ్ట్ కింద నిండిపోయి పైదాకా రావడం లేదు. పక్కన ఇంకో లిఫ్ట్ పెట్టిన కాసేపటికి క్యూ కరిగిపోతుంది. సమస్య, దాని మూలం, చేసిన మార్పు, వచ్చిన ఫలితం అన్నీ ఒకే తెర మీద కనిపించే ఆటలు అరుదు.

రెండో కారణం రద్దీని కలిపే నేర్పు. ఆఫీసు జనం పొద్దున వచ్చి, మధ్యాహ్నం భోజనానికి దిగి, సాయంత్రం వెళ్లిపోతారు. హోటల్ అతిథులు సాయంత్రం చేరి మర్నాడు ఖాళీ చేస్తారు. దుకాణాలకూ సినిమా హాళ్లకూ బయటి నుంచి జనం వస్తారు. అన్నీ ఆఫీసులే కడితే లిఫ్ట్‌లు రోజులో మూడుసార్లు ఉక్కిరిబిక్కిరై, మిగతా సమయమంతా ఖాళీగా తిరుగుతాయి. వేళలు వేరైన వాటిని కలిపి పేర్చితే అవే లిఫ్ట్‌లు ఎక్కువమందిని మోస్తాయి. భోజనశాలను ఆఫీసులకు దగ్గరగా మధ్య లాబీలో పెడితే మధ్యాహ్నం నేల అంతస్తు మీద ఒత్తిడి తగ్గుతుంది. చప్పుడు చేసే ఆఫీసులను ఇళ్ల పక్కన పెట్టకూడదు. జాన్ హ్యాంకాక్ సెంటర్‌లోనూ కింద దుకాణాలు, వాటిపైన ఆఫీసులు, ఇంకా పైన ఇళ్లు ఉన్నాయి. దానికీ అంతస్తులు 100. నిజమైన రూపకర్తలు వేసే లెక్కనే ఆడేవారు ఏ పాఠమూ చదవకుండా చేతులతో నేర్చుకుంటారు.

మూడోది ఆ భవనంలో కనిపించే జీవితం. ఏ ఆకారాన్నైనా నొక్కి పేరు పెట్టి, అతను ఎటు వెళ్తున్నాడో వెంబడించవచ్చు. శుభ్రం చేసేవాళ్లు సమయానికి చేరలేకపోతే హోటల్ గదుల్లో బొద్దింకలు పడతాయి, పక్క గదులకూ పాకుతాయి. అప్పుడప్పుడు నిప్పంటుకుంటుంది. ఎవరో బాంబు పెట్టామని బెదిరించి డబ్బు అడుగుతారు. ఏడాది చివర శాంటా బండి ఆకాశంలో దాటిపోతుంది. పని లేనప్పుడు కూడా భవనాన్ని ఊరికే చూస్తూ కూర్చోగలగడం ఈ ఆటకు పెద్ద బలం.

లోపాలు

మొదటి లోపం కూడా లిఫ్ట్ నుంచే వచ్చింది. 15 అంతస్తులకో లాబీ, 30 అంతస్తుల హద్దు, 24 షాఫ్ట్‌ల పరిమితి కలిసి సరైన జవాబును దాదాపు ఒక్కటే చేశాయి. మధ్యలో ఎక్స్‌ప్రెస్ లిఫ్ట్‌లు, లాబీ నుంచి లాబీకి మామూలు లిఫ్ట్‌ల కట్టలు. ఈ అమరిక ఒకసారి పట్టుబడ్డాక, ఎవరు కట్టినా భవనం ఒకేలా ఉంటుంది. రెండోసారి ఆడేవారికి కనిపెట్టడానికి మిగిలేది తక్కువ. పైగా స్థలం ఒక్కటే. చుట్టూ నగరం ఉందన్న జాడ ఆట నడకలో లేదు.

రెండోది నిరీక్షణ. మొదట్లో డబ్బు చాలక, ఆడేవారు చేతులు కట్టుకుని అద్దెల కోసం చూడాలి. చివర్లో డబ్బు కుప్పలు పడినా ఇక కట్టడానికి చోటుండదు. కంప్యూటర్‌ను రాత్రంతా అలాగే వదిలేసి పొద్దున వచ్చి డబ్బు చూసుకోవడం చాలామందికి అలవాటైంది. ఒక ఆటను ఆడకుండా వదిలేయడమే లాభమైతే అది రూపకల్పనలో లోపమే.

మూడోది చెప్పని నియమాలు. ఆటలోని మనుషులు ఒక ప్రయాణంలో ఒక్కసారి మాత్రమే లిఫ్ట్ మారతారు. రెండుసార్లు మారవలసి వస్తే ఆ దారినే వదిలేస్తారు. తెర మీద ఇది ఎక్కడా స్పష్టంగా తెలియదు. లిఫ్ట్ ఉండి కూడా ఒక అంతస్తు ఎందుకు ఖాళీగా పడి ఉందో తెలియక తికమక పడినవారెందరో. తెలిశాక దిద్దుకోవడమూ కష్టమే. షాఫ్ట్‌ను పక్కకు జరపలేరు. కొత్తది వేయాలంటే దాని దారిలోని గదులన్నీ కూల్చాలి. తొలి గంటలో చేసిన పొరపాటు ఇరవయ్యో గంటలో ప్రాణం మీదికి తెస్తుంది.

నాలుగోది, భవనానికి సంబంధించి వదిలేసినవి. గాలి తాకిడి, పునాది, స్తంభాలు, భూకంపం వంటివి లెక్కలో లేవు. గది నొక్కిన కాసేపటికి తయారవుతుంది, కట్టే కూలీలకు కష్టనష్టాలుండవు. అనుమతులు లేవు, ఇరుగుపొరుగు అభ్యంతరాలు లేవు. అసలు ఆకాశహర్మ్యాలు చాలావరకు అప్పుతో లేస్తాయి, వడ్డీ భారమే వాటి యజమానులను ముంచుతుంది. ఇక్కడ చేతిలో డబ్బున్నంతవరకే కట్టడం. లిఫ్ట్‌ల విషయంలో కూడా ఆట తన కాలం కన్నా కొంత వెనకే ఉంది. వెళ్లవలసిన అంతస్తును లిఫ్ట్ ఎక్కకముందే నొక్కితే, ఒకే వైపు వెళ్లేవారిని ఒక లిఫ్ట్‌లోకి చేర్చే విధానాన్ని షిండ్లర్ కంపెనీ 1990ల మొదట్లోనే ప్రవేశపెట్టింది. ఆటలో పైకి, కిందికి అన్న రెండు పిలుపులే ఉన్నాయి.

తరువాతి ఆటలు

సైతో బృందమే కొన్ని లోపాలను సరిదిద్దడానికి ప్రయత్నించింది. 1990ల చివర వచ్చిన ‘యూట్ టవర్’ ఒకే స్థలానికి బదులు హవాయి, టోక్యో, కెగోన్ జలపాతం అనే మూడు చోట్లు ఇచ్చింది. చోటును బట్టి వచ్చే జనమూ, కట్టదగ్గ దుకాణాలూ మారేవి. ఆట వివరాలు పెరిగాయి కానీ, సిమ్‌టవర్‌కు వచ్చినంత పేరు దానికి రాలేదు. 2005లో జపాన్‌లో ‘ది టవర్ ఎస్‌పీ’ పేరుతో గేమ్ బాయ్ అడ్వాన్స్‌కు చిన్న రూపం వచ్చింది. మాక్సిస్ 1997లోనే ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ చేతికి వెళ్లింది. సైతో పేరు ఈలోగా మనిషి ముఖమున్న చేపతో మాట్లాడే ‘సీమన్’ అనే 1999 నాటి ఆటకు ముడిపడింది.

ఫోన్ల కాలంలో ఈ కోవ మరో రూపు తొడుక్కుంది. ఇయాన్, డేవిడ్ మార్ష్ సోదరుల నింబుల్‌బిట్ సంస్థ 2011లో ‘టైనీ టవర్’ను ఐఫోన్‌కు తెచ్చింది. ఆపిల్ దాన్ని ఆ ఏటి మేటి ఐఫోన్ గేమ్‌గా ఎంచింది. ఇందులో అంతస్తుకు ఒకే ఇల్లో ఒకే దుకాణమో ఉంటుంది. లిఫ్ట్ ఒక్కటే, దాన్ని వేలితో నడిపి ఒక్కొక్కరినీ దింపాలి. క్యూలు లేవు, కోపంతో ఎర్రబడేవాళ్లు లేరు. సిమ్‌టవర్‌లో లోపంగా ఉన్న నిరీక్షణే ఇక్కడ వ్యాపారమైంది. అంతస్తు కట్టడానికి గంటలు పడుతుంది, ఆగలేనివారు డబ్బిచ్చి కాలాన్ని కొనుక్కోవచ్చు. 2012 మొదట్లో జింగా సంస్థ ‘డ్రీమ్ హైట్స్’ అనే ఆటను ప్రకటించినప్పుడు, అది తమ ఆటను ఎంతగా పోలి ఉందో పక్కపక్కన బొమ్మలు పెట్టి నింబుల్‌బిట్ బహిరంగ లేఖ విడుదల చేసింది. ఫోన్ ఆటల్లో అనుకరణ మీద సాగిన చర్చలో అది తరచు ఉదాహరణగా నిలిచింది.

కంప్యూటర్ మీద ఈ కోవను మళ్లీ గంభీరంగా తలకెత్తుకున్నది షికాగోకు చెందిన సోమాసిమ్. రాబర్ట్ జూబెక్, మాథ్యూ విగ్లియోన్ స్థాపించిన ఈ సంస్థ 2016లో ‘ప్రాజెక్ట్ హైరైజ్’ను విడుదల చేసింది. దీని చూపు లిఫ్ట్ నుంచి గోడల్లోని తీగలకూ గొట్టాలకూ మళ్లింది. ప్రతి గదికీ కరెంటు, ఫోను, నీళ్లు, గ్యాసు, కేబుల్ టీవీ వంటివి అవసరాన్ని బట్టి అందించాలి. చప్పుడు, వాసన, చెత్త గురించి అద్దెదారులు ఫిర్యాదు చేస్తారు. మంచి పేరు తెచ్చుకున్న భవనానికే పెద్ద సంస్థలు వస్తాయి. భవన నిర్వాహకుడి రోజువారీ తలనొప్పి ఇందులో సిమ్‌టవర్ కన్నా నిజంగా కనిపిస్తుంది. సందర్భాలుగా విడగొట్టి ఇచ్చిన సవాళ్లు మళ్లీ మళ్లీ ఆడడానికి కారణమూ ఇస్తాయి. అయితే షాఫ్ట్ ఎక్కడ పెట్టాలన్నదానికి మించి లిఫ్ట్‌తో ఆడేవారికి పెద్దగా పని ఉండదు. జనం ప్రవాహాన్ని నడిపించే ఉత్కంఠ పోయి, అమరికల జాబితా మిగిలిందని సిమ్‌టవర్ అభిమానులకు అనిపించడానికి కారణం అదే. ‘మ్యాడ్ టవర్ టైకూన్’ వంటివి పాత పద్ధతికే తిరిగి వెళ్లి, దానితో పాటు పాత పరిమితులనూ తెచ్చుకున్నాయి.

నిలువు కోత చూపు మాత్రం ఇతర ఆటల్లోకి పాకింది. 2015 నాటి ‘ఫాల్‌అవుట్ షెల్టర్’లో అదే చూపుతో భవనం భూమిలోకి దిగుతుంది. గదుల పేర్పు, వాటిలో తిరిగే చిన్న మనుషులు, అడ్డంగానూ నిలువుగానూ పెరిగే కట్టడం ఇప్పుడు అందరికీ తెలిసిన ఆట భాష.

ఈ చరిత్రలో ఒక సంగతి పదేపదే కనిపిస్తుంది. లిఫ్ట్‌ను కేంద్రంగా ఉంచుకున్న ఆటలు లోతైనవీ, మొండివీ అయ్యాయి. దాన్ని పక్కన పెట్టినవి సులువయ్యాయి, కానీ ఆకాశహర్మ్యం కట్టాల్సిన అవసరమే వాటిలో లేకపోయింది. టైనీ టవర్ అంతస్తులను అడ్డంగా పరిచినా ఆట పెద్దగా మారదు. సిమ్‌టవర్‌ను అలా పరిస్తే ఆటే ఉండదు. ఎత్తు ఒక సమస్యగా ఉన్నప్పుడే ఆకాశహర్మ్యపు ఆటకు ఆ పేరు తగుతుంది. స్థలాన్ని బట్టి, కాలాన్ని బట్టి, అప్పును బట్టి ఆ సమస్యకు ఒకటికి పది జవాబులు దొరికేలా చేయడం ఈ కోవకు ఇంకా మిగిలి ఉన్న పని.